రాళ్ళవాన ఏ ఊరిది?

మొన్న ఆదివారం సాయంత్రం నాలుగున్నర వేళ పడమటి దిక్కు నల్లబడింది. చూస్తుండగానే గాలి తిరిగింది, దుమ్ము లేచింది, మా పశువుల కొట్టం రేకుల మీద ఎవరో తట్టలకొద్దీ కంకర పోస్తున్నట్టు చప్పుడు మొదలైంది. రాళ్ళవాన. కొంపల్లి నుంచి వచ్చిన మనవడూ మనవరాలూ స్టీలు గిన్నెలు నెత్తిన బోర్లించుకుని వాకిట్లోకి ఉరికారు. ఇద్దరినీ రెక్క పట్టుకుని లోపలికి లాక్కొచ్చాను. శెనగ గింజంత రాయి పడితే నవ్వొస్తుంది, కోడిగుడ్డంతది పడితే తల పగులుతుంది. దాని వెనకే పిడుగు కూడా ఉంటుంది.

పావుగంటలో అంతా సద్దుమణిగింది. చిన్నోడు దోసిలి నిండా వడగళ్ళు ఏరుకొచ్చి నా ముందు పోశాడు. ఒక పక్క అవి కరుగుతుంటే అడిగాడు.

"తాతా, హకీంపేట ఇమానాలు మన పక్కకే ఉన్నయి గద. పొయ్యి ఆ మబ్బును పేల్చేస్తే ఈ రాళ్ళు పడవు గద?"

మా ఊరు దేవరయాంజాల్‌కు వచ్చిన పిల్లలకు ఆ ఊహ రావడంలో వింత లేదు. పొద్దస్తమానం మా నెత్తిమీదే శిక్షణ విమానాలు తిరుగుతుంటాయి. అయితే ఈ ప్రశ్న చిన్నోడొక్కడిదే కాదు. రైతులు అడిగారు, రాణులు అడిగారు, మూడు దేశాల శాస్త్రవేత్తలు ఒక్కచోట కూర్చుని అయిదేళ్ళు అడిగారు. అందుకే "ఉండు బిడ్డా, చెప్తా" అని ముందు ఒక వడగల్లు చేతిలోకి తీసుకున్నాను.

కత్తిని వేడినీళ్ళలో ముంచి, ఉన్నవాటిలో పెద్ద రాయిని నడిమికి కోశాను. లోపల ఉల్లిగడ్డ కోసినట్టు పొరలు. ఒకటి పాలలా తెల్లగా, ఒకటి గాజులా తేటగా, మళ్ళీ తెల్లగా. మనవరాలు లెక్కపెట్టింది, నాలుగు తేలాయి.

జాతరలో చక్కెర పూత పూసిన సోంపు కొనుక్కుంటాం కదా. నడుమ ఒక సోంపు గింజ, దాని మీద పాకం పూత, అది ఆరాక ఇంకో పూత. వడగల్లూ అంతే. నడుమ ఒక చిన్న మంచు పలుకు ఉంటుంది. ఎండాకాలంలో మన నేలకు నాలుగున్నర, అయిదు కిలోమీటర్ల పైన గాలి సున్నా డిగ్రీలకు దిగుతుంది. ఉరుముల మబ్బు ఆ గీత దాటి పన్నెండు, పదిహేను కిలోమీటర్ల ఎత్తుకు లేస్తుంది. విచిత్రం ఏమిటంటే అక్కడ నీటి బిందువులు సున్నా కన్నా ఎంతో చల్లబడి కూడా గడ్డకట్టవు. పట్టుకుని గడ్డకట్టడానికి వాటికి ఒక ఆధారం కావాలి. అది దొరకనంతసేపు నీళ్ళుగానే ఉంటాయి. నమ్మకం కలగకపోతే మూత తీయని మినరల్ వాటర్ సీసాను ఫ్రీజర్‌లో రెండు గంటలు కదపకుండా ఉంచి, మెల్లగా బయటికి తీసి బల్ల మీద టక్కున కొట్టండి. కుదిరిన రోజున కళ్ళ ముందే సీసా అంతా మంచు పాకుతుంది. ఒకటి రెండుసార్లు విఫలమవుతుంది, విసుగు పడకూడదు.

మబ్బులో మంచు పలుకే ఆ ఆధారం. దాన్ని తాకిన బిందువల్లా అక్కడికక్కడే గడ్డకట్టి అంటుకుంటుంది. బాగా చలిగా ఉన్నచోట నీరు తాకీ తాకగానే బిగుసుకుపోతుంది, గాలి బుడగలు లోపలే చిక్కుకుంటాయి, పొర తెల్లగా వస్తుంది. నీరు దండిగా ఉన్నచోట రాయి ఒళ్ళంతా తడిసి, నింపాదిగా గడ్డకడుతుంది, బుడగలు తప్పించుకుంటాయి, పొర తేటగా వస్తుంది. మేం చదువుకున్న రోజుల్లో వడగల్లు బంతిలా పదిసార్లు పైకీ కిందికీ ఎగిరితే పది పొరలు వస్తాయని చెప్పేవారు. ఇప్పటి పరిశోధకులు అంత ఎగురుడు అక్కర్లేదంటున్నారు. పైకి తన్నే గాలిలో ఒక్క పొడవాటి ప్రయాణంలోనే అది రకరకాల చోట్లు దాటుతుంది, పొరలు దాని దారి చెబుతాయి.

ఆ పైకి తన్నే గాలే అసలు కీలకం. రెండంగుళాల వడగల్లు సెకనుకు దాదాపు ముప్పై మీటర్ల వేగంతో, అంటే గంటకు వంద కిలోమీటర్ల పైచిలుకు వేగంతో కిందపడుతుంది. అది అంత పెద్దదయ్యేదాకా పైన నిలబెట్టాలంటే కింది నుంచి గాలి కూడా అంత జోరుగా తన్నాలి. మార్చి, ఏప్రిల్, మే నెలల్లో మనకు ఆ జోరు దొరుకుతుంది. కింద నేల కాగి ఉంటుంది, బంగాళాఖాతం మీది నుంచి తడిగాలి వస్తుంది, పైన గాలి పొడిగా చల్లగా ఉంటుంది. విదర్భ మీదుగా తమిళనాడు దాకా ద్రోణి ఉందని వార్తల్లో వింటాం కదా, ఆ గీత వెంబడే తడిగాలీ పొడిగాలీ కలుసుకుంటాయి. శ్రావణంలో ఇంతకన్నా పెద్ద వానలు పడతాయి కానీ పైగాలి కూడా వెచ్చగా తడిగా ఉంటుంది, తన్నుడు మెత్తబడుతుంది. పుట్టిన చిన్నాచితకా మంచు దారిలోనే కరిగి నీళ్ళవుతుంది.

ఈ నెలలే మన కొంప ముంచుతాయి. యాసంగి వరి కంకి బరువెక్కి వంగే వేళ, మక్కజొన్న ఎండే వేళ, మామిడి పిందె కాయయ్యే వేళ, ఒకప్పుడైతే మా ద్రాక్ష కోతల వేళ.

ద్రాక్ష అంటే ఇప్పటి పిల్లలకు నమ్మకం కుదరదు. మేడ్చల్, శామీర్‌పేట, కొంపల్లి చుట్టుపక్కలంతా ఒకప్పుడు ద్రాక్ష పందిళ్ళే. రాతి కడీలు, వాటి మీద తీగెల అల్లిక, కింద నడిస్తే మిట్టమధ్యాహ్నం కూడా చల్లని నీడ. అనాబ్-ఎ-షాహీ గుత్తులు ఒక్కొక్కటి చంటిపిల్లంత బరువుగా వేలాడేవి. ఇప్పుడు అక్కడ లేఅవుట్లు, ఫంక్షన్ హాళ్ళు. మా పందిరి ఉన్న రోజుల్లో ఒక మార్చి సాయంత్రం, రేపు కోతకు కూలీలను పిలుచుకున్న రోజే, రాళ్ళవాన పడింది. పది నిమిషాలు. తెల్లారి చూస్తే పందిరి కింద నేలంతా పండ్ల రసం, ఈగలు. కొమ్మల మీద గుత్తులు మిగిలాయి కానీ ప్రతి పండుకూ ఒక గాటు. గాటు పడ్డ పండు రెండు రోజుల్లో కుళ్ళుతుంది, మార్కెట్‌లో ఎవడూ ముట్టడు. మా నాయన గట్టు మీద కూర్చుని పక్క తోట వైపు చూస్తుండిపోయాడు. గట్టుకు ఆవల ఒక్క ఆకు చిరగలేదు. వాళ్ళ మీద ఆయనకు అసూయ లేదు, అర్థం కాకపోవడమే బాధ. "మనం ఏం తప్పు జేసినం?" అన్నాడు.

ఏ తప్పూ లేదు. వడగళ్ళు దుప్పటిలా పరుచుకుని పడవు, చారలా పడతాయి. మబ్బు నడిచిన దారి వెంట సన్నని పట్టీ, దానికి అంచు ఎక్కడో ఒకచోట ఉండాలి. ఆ రోజు ఆ అంచు మా గట్టు మీద పడింది. ఈ మాట మా నాయనకు చెప్పడానికి అప్పటికి నాకే తెలియదు.

ఇక చిన్నోడి ప్రశ్నకు వద్దాం. మబ్బును పేల్చడం.

యూరప్ ఊళ్ళలో వందల ఏళ్ళ కిందట ఉరుముల మబ్బు కనిపిస్తే చర్చి గంటలు వాయించేవారు. ఆ చప్పుడుకు మబ్బు చెదురుతుందని ఆశ. ఎత్తైన గోపురం, చేతిలో తడి తాడు, పైన మెరుపులు. గంట కొట్టేవాళ్ళు పిడుగులకు బలయ్యేవారు. తర్వాత తుపాకులు, ఫిరంగులు పేల్చడం మొదలుపెట్టారు. దాంతో ఇరుగుపొరుగు తగవులు పుట్టాయి. నువ్వు పేల్చి మబ్బును నా చేను మీదికి తోలావని ఒకడు, నీ పేలుడుకే నా వాన పోయిందని ఇంకొకడు. ఆ రచ్చ భరించలేక 1750లో ఆస్ట్రియా మహారాణి మరియా తెరీసా మబ్బుల మీద కాల్పులనే నిషేధించింది.

నూటయాభై ఏళ్ళు గడిచాక అదే దేశంలో అదే ఆశ మళ్ళీ లేచింది. స్టిరియా ప్రాంతంలో విండిష్ ఫైస్ట్రిట్జ్ అనే ఊరు ఉండేది. ఇవాళ అది స్లొవేనియాలో ఉంది. దాని మేయరు, ద్రాక్ష రైతు ఆల్బర్ట్ స్టిగర్ 1896లో ఒక ఫిరంగి కట్టించాడు. పాత రైలింజను పొగగొట్టంలా పైకి విచ్చుకున్న ఇనుప గరాటు అది. మందు పేలిస్తే పొగ ఉంగరం ఈల వేసుకుంటూ ఆకాశంలోకి లేచేది. ఆయన అదృష్టమో, రైతుల దురదృష్టమో, తొలి రెండేళ్ళు అక్కడ వడగళ్ళు పడలేదు. ఇంకేం, ఇటలీ పందిళ్ళలో వేలకొద్దీ ఫిరంగులు మొలిచాయి. దేశాలు కలిసి మహాసభలు పెట్టుకున్నాయి. 1899లో ఇటలీలోని కసాలే మోన్‌ఫెరాటోలో, తర్వాత పాదువాలో, ఫ్రాన్స్‌లోని లియోన్‌లో, 1902లో ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో. ఇరుగుపొరుగు దేశాలు వడగళ్ళ కోసమే ఒక్కచోట కూర్చోవడం అప్పుడే మొదలు. గ్రాజ్‌లో కొందరు గట్టిగా నిలదీశారు. ఇది నిజంగా పనిచేస్తోందో లేదో సర్కారు వాళ్ళు దగ్గరుండి చూడాలన్నారు. 1903, 1904లో స్టిగర్ ఊళ్ళోనూ, ఇటలీలోని కాస్టెల్‌ఫ్రాంకో వెనెటోలోనూ బోలెడన్ని ఫిరంగులు మోహరించి పరీక్షించారు. రెండుచోట్లా రాళ్ళవాన దంచి కొట్టింది. ఫిరంగులు పాత ఇనుముకు పోయాయి.

"ఎందుకు పనిచేయలేదు తాతా?" అంది మనవరాలు.

"ఉరుము కన్నా పెద్ద ఫిరంగి ఉంటదా బిడ్డా? మబ్బు కడుపులోనే అది పేలుతది. అయినా వడగళ్ళు పడుతనే ఉంటయి."

మబ్బును బెదిరించడం కాదు, దాని లోపలి లెక్క మార్చాలి అన్న ఆలోచన 1946 తర్వాతది. అమెరికాలో విన్సెంట్ షేఫర్ పొడి మంచుతోనూ, బెర్నార్డ్ వానెగట్ సిల్వర్ అయొడైడ్‌తోనూ మబ్బులో మంచు పలుకులు పుట్టించవచ్చని చూపించారు. సిల్వర్ అయొడైడ్ స్ఫటికం అల్లిక మంచు అల్లికకు బాగా దగ్గర. ఆధారం కోసం చూస్తున్న చల్లటి బిందువు దాన్ని మంచే అనుకుని పట్టుకుంటుంది. మన రాష్ట్రంలో వానల కోసం మేఘమథనం చేశారని విన్నాం కదా, మబ్బులను మలిచే ఆ విద్యలన్నిటికీ మొదలు ఇక్కడే. వడగళ్ళ విషయంలో దీని వెనక ఉన్న లెక్క మీ అమ్మమ్మ వంటింట్లో రోజూ చూసేదే. గిన్నెడు పాయసం ఇద్దరికి పెడితే ఇద్దరూ పొట్ట పట్టుకు కూర్చుంటారు. అదే గిన్నె నలభై మందికి పంచితే తలా చెంచాడు. మబ్బులో ఉన్న నీటిని పది మంచు పలుకులు పంచుకుంటే పదీ కోడిగుడ్లవుతాయి. లక్ష పలుకులను మనమే పంపిస్తే అన్నీ ఆవగింజలై, దిగేలోపు కరిగి వానై పడతాయి. వినడానికి ఎంత చక్కగా ఉంది!

సోవియట్ దేశం దీన్ని గట్టిగా నమ్మింది. కాకసస్ లోయల్లో, మోల్డోవా ద్రాక్ష తోటల మీద రాకెట్లతో, ఫిరంగి గుళ్ళతో సిల్వర్ అయొడైడ్ వంటి మందును మబ్బు గుండెలోకి కొట్టారు. నష్టం చాలా మటుకు తగ్గించామని చెప్పుకున్నారు. అమెరికావాళ్ళు ఉలిక్కిపడి కొలరాడోలో 1972లో పెద్ద ప్రయోగం మొదలెట్టారు. మూడు వేసవులు చూసి, ఫలితం కనబడక 1974తో ఆపేశారు.

అప్పుడు స్విట్జర్లాండ్, ఫ్రాన్స్, ఇటలీ కలిశాయి. నాకు ఈ కథంతటిలో ఎక్కువ గౌరవం ఉన్నది వీళ్ళ మీదే. మూడూ ఆల్ప్స్ కొండల చుట్టూ ఉన్న దేశాలు, ఒకరి కొండ మీద పుట్టిన మబ్బు ఇంకొకరి తోటను కొడుతుంది. 1977 నుంచి 1981 దాకా అయిదు వేసవులు మధ్య స్విట్జర్లాండ్‌లోని నాప్ఫ్ కొండల దగ్గర సోవియట్ పద్ధతినే, రష్యా రాకెట్లతోనే పరీక్షించారు. దానికి గ్రోస్‌ఫెర్జూఖ్ ఫోర్ అని పేరు, జర్మన్‌లో నాలుగో పెద్ద ప్రయోగం అని అర్థం. మబ్బు వచ్చిన ప్రతిసారీ కొట్టలేదు. కొట్టే రోజో, కొట్టని రోజో అన్నది చీటీ తీసినట్టు ముందే తేల్చుకున్నారు. కొట్టని రోజున కళ్ళెదుట వడగళ్ళ మబ్బు నడుస్తుంటే రాకెట్లు పక్కన పెట్టుకుని చేతులు కట్టుకుని చూశారు. రైతుబిడ్డగా చెబుతున్నాను, అది మామూలు నిగ్రహం కాదు.

ఆ నిగ్రహం ఎందుకంటారా? జలుబుకు మందు వేసుకుంటే వారం, వేసుకోకపోతే ఏడు రోజులు అంటాం. మందు వల్ల తగ్గిందా, తగ్గేదే తగ్గిందా తెలియాలంటే వేసుకోనివాళ్ళు కూడా కావాలి. మా తోట పోయిన రోజు పక్క తోట బతికింది. పక్కాయన ఆ రోజు ఒక ఫిరంగి పేల్చి ఉంటే ఏమయ్యేది? ఫిరంగే కాపాడిందని ఊరంతా జీవితాంతం నమ్మేది. మా నాయన అందరికన్నా ముందు నమ్మేవాడు, అప్పు చేసైనా ఒకటి కొనేవాడు.

ఫలితాలు 1986లో అచ్చయ్యాయి. కొట్టిన రోజులకూ కొట్టని రోజులకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మూడు దేశాలు డబ్బూ శ్రమా పోసి, పనిచేయలేదు అనే మాటను దాచకుండా చెప్పాయి. ఆ ఒక్క మాట ఎంతమంది రైతుల డబ్బు కాపాడగలదో!

అయినా ఆశ చావలేదు. జర్మనీలోని రోజెన్‌హైమ్ నుంచి చిన్న విమానాలు ఇవాళ్టికీ లేచి, సరిహద్దు అవతల ఆస్ట్రియాలోని కుఫ్‌స్టైన్ ప్రాంతానికి కూడా కలిపి సిల్వర్ అయొడైడ్ పొగ వేస్తాయి. చిన్నోడా, నువ్వన్న విమానాలు నిజంగానే ఉన్నాయి. సెర్బియాలో రాకెట్లు పేలుస్తూనే ఉన్నారు. మన హిమాచల్ ఆపిల్ తోటల్లో 2010 ప్రాంతంలో విదేశాల నుంచి తెచ్చిన వడగళ్ళ తుపాకులు పెట్టారు. స్టిగర్ గరాటుకు మనవలు అవి, మందుగుండు బదులు గ్యాస్ పేల్చి చప్పుడు పైకి పంపిస్తాయి. నన్నడిగితే ఆ తోటల మీద పరిచిన వలలే మేలు. వల రాయిని ఆపుతుందో లేదో కంటికి కనబడుతుంది, చీటీలు తీయనక్కర్లేదు. కానీ ఆపిల్‌కూ ద్రాక్షకూ వల కప్పగలం. వరి పొలానికి ఎవరు కప్పుతారు?

2023 మార్చి 16న వికారాబాద్ జిల్లా మర్పల్లిలో నేలంతా తెల్లగా కప్పుకుపోయిన ఫోటోలు అందరూ చూశారు. కాశ్మీరులా ఉందని మురిసినవాళ్ళకు ఆ తెలుపు కింద ఏముందో తెలియదు. ఆ రోజుల్లో రాష్ట్రంలో రెండు లక్షల ఎకరాలకు పైగా పంట పోయింది. ఎకరానికి పదివేల సాయం ప్రకటించారు. బోధన్, బాన్సువాడ, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు రైతులు మాత్రం ఎప్పటినుంచో ఒక ఉపాయం పాటిస్తున్నారు. యాసంగి నాటు ముందే వేసి, రాళ్ళవానలు ముదిరేలోపు కోత ముగించుకుంటారు. మబ్బును మార్చలేనప్పుడు పంట తేదీ మార్చుకున్నారు. ఏ ప్రయోగశాలా చెప్పకముందే వాళ్ళు కనిపెట్టిన సైన్సు ఇది.

ఇరుగుపొరుగు దేశాలన్నాం కాబట్టి మన ఇరుగుపొరుగు మాట కూడా చెప్పాలి. ప్రపంచంలో తూకం వేసిన వాటిలో బరువైన వడగల్లు 1986 ఏప్రిల్ 14న బంగ్లాదేశ్‌లోని గోపాల్‌గంజ్‌లో పడింది, కిలో ఇరవై గ్రాములు. వడగళ్ళు ఎక్కువమందిని చంపిన రోజు 1888 ఏప్రిల్ 30. మన మొరాదాబాద్ దగ్గర 246 మంది పోయారు. అంటే ఈ విషయంలో మన ఉపఖండం కన్నా కష్టపడ్డ చోటు లేదు. ఏప్రిల్, మే నెలల్లో ఛోటా నాగ్‌పూర్ పీఠభూమి మీద మధ్యాహ్నం పుట్టే మబ్బులు బెంగాల్ మీదుగా నడిచి పొద్దుగూకే వేళకు బంగ్లాదేశ్ మీద విరుచుకుపడతాయి. కాలబైశాఖి అంటారు వాటిని. మన ఇంట్లో పుట్టిన మబ్బు వాళ్ళ చేను కొడుతుందన్నమాట. ఇది గుర్తించి మన దేశం, బంగ్లాదేశ్, నేపాల్, భూటాన్ 2009లో సార్క్ స్టార్మ్ అనే కార్యక్రమం మొదలుపెట్టాయి. ఎవరి మబ్బును వాళ్ళు కొలిచి, ఆ కొలతలు అందరూ పంచుకోవాలని. తర్వాత మిగతా దేశాలనూ కలుపుకుంటూ పోయారు. కానీ ఢాకాలోని సార్క్ వాతావరణ పరిశోధన కేంద్రం 2015లో మూతపడింది. ఆ వార్త చదివిన రోజు నాకు మనసు చివుక్కుమంది. మబ్బులు ఆ నిర్ణయం విని ఆగవు కదా.

అమెరికా, కెనడాలు 1975లోనే ఒక ఒప్పందం రాసుకున్నాయి. మబ్బుల మీద ఎవరు ఏ ప్రయోగం చేసినా ఆ సమాచారం రెండోవారికి అందించాలని. మరియా తెరీసా కాలంలో ఈ ఒక్క మర్యాద ఉంటే గట్టు తగవులు సగం తగ్గేవి. మన కేంద్రం 2024 సెప్టెంబరులో రెండువేల కోట్ల మిషన్ మౌసమ్‌కు ఆమోదం తెలిపింది. రాడార్లు పెంచడంతోపాటు వడగళ్ళను తగ్గించే మార్గాలు వెతకడం కూడా అందులో ఉంది. పుణెలో మబ్బును గదిలో పుట్టించి చూసే ఏర్పాటు చేస్తున్నారు. నాకు సంతోషమే. మన కుర్ర శాస్త్రవేత్తలు నాప్ఫ్ కొండల్లోలా కొట్టని రోజులను కూడా లెక్కలో పెట్టుకుని పరీక్షించాలన్నదే నా కోరిక.

అంతదాకా మన చేతిలో ఉన్నది చూపు. హైదరాబాద్ డాప్లర్ రాడార్‌కు కర్ణాటక బీదర్, మహారాష్ట్ర నాందేడ్ వైపు మబ్బులు కూడా కనబడతాయి. అక్కడ లేచినదాన్ని చూసి మనకు గంట, రెండు గంటల ముందు హెచ్చరిక వస్తుంది. ఒక్కో మబ్బు ఆయుష్షు తక్కువే కానీ అది పోతూ పోతూ పక్కన ఇంకోదాన్ని పుట్టిస్తుంది, ఆ వరస నడుచుకుంటూ వస్తుంది. గంట వ్యవధి చాలా పెద్దది. కల్లంలో ఆరబోసిన వడ్లు కుప్ప చేసి టార్పాలిన్ కప్పొచ్చు. కాయ దించగలిగినంత దించొచ్చు. గొర్లను చెట్టు కింద కాకుండా కొట్టంలోకి తోలొచ్చు.

చిన్నోడికి రాకెట్లు లేవన్న నిరాశ పోలేదు. అందుకే నాప్ఫ్ కొండల శాస్త్రవేత్తలు వాడిన ఆయుధమొకటి ఇచ్చాను. కొత్త ఫ్రిజ్ డబ్బాలో వచ్చిన థర్మోకోల్ అట్ట తీసి, చపాతీలు చుట్టే అల్యూమినియం కాగితం దాని మీద బిగించి అంటించాం. మేడ మీద ఆరుబయట పెడితే సరి. వడగల్లు పడ్డచోట గుంట పడుతుంది. గుంటల సంఖ్య ఎన్ని రాళ్ళు పడ్డాయో చెబుతుంది, గుంట వెడల్పు ఎంతవి పడ్డాయో చెబుతుంది. ఇలాంటివి వందలకొద్దీ కొండల్లో పరిచి వాళ్ళు అయిదేళ్ళు లెక్క తీశారు.

"ఒక్కటి సాలదు తాతా," అంది మనవరాలు. "అంచు యాడుందో ఎట్ల తెలుస్తది?"

మా నాయన అడిగిన ప్రశ్నకు దారి ఆ పిల్లకు తట్టింది. రాత్రి భోజనాలయ్యేలోపు ఆరు అట్టలు తయారయ్యాయి. ఒకటి మా మేడ మీదికి, ఒకటి తూంకుంటలో బాబాయి వాళ్ళింటికి, ఒకటి అలియాబాద్‌కు, ఒకటి మేడ్చల్‌కు, ఒకటి కొంపల్లికి. ఆరోది జహీరాబాద్‌లో ఉన్న మా చెల్లెలికి పంపాలన్నారు. అక్కడ చప్పుడు మొదలవగానే ఫోన్ చేయాలని ఆమెతో ఒట్టు కూడా వేయించుకున్నారు. ప్రతి అట్ట వెనకా స్కెచ్ పెన్నుతో ఊరి పేరు, పెట్టిన తేదీ రాస్తూ చిన్నోడు తలెత్తి, మరి గట్టుకు అవతల పెట్టడానికి ఏడోది కావాలి కదా, థర్మోకోల్ ఇంకా ఉందా అని అడిగాడు.